పిల్లి బుర్రకు పదును పెట్టే ఆటలు, నేర్పే పద్ధతులు

ఇంట్లోనే పెరిగే పిల్లికి కడుపు నిండా తిండి ఉంటుంది, మెత్తటి పడక ఉంటుంది. లేనిదల్లా పని. బయట బతికే పిల్లి రోజంతా ఎన్నోసార్లు మాటు వేస్తుంది, వెంటాడుతుంది, వేట తప్పిపోతే మళ్లీ మొదలుపెడుతుంది. ఇంటి పిల్లికీ అదే బుర్ర ఉంది, తిండి మాత్రం గిన్నెలోకి వచ్చి పడుతుంది. వాడకుండా మిగిలిన ఆ చురుకంతా వేరే దారులు వెతుక్కుంటుంది. తెల్లవారుజామున ఇంటిల్లిపాదినీ లేపడం, నడిచేవాళ్ల మడమలు పట్టడం, బల్ల మీది వస్తువులు ఒక్కొక్కటే కిందికి తోయడం, అవసరం లేకపోయినా తిని లావెక్కడం... వీటిలో చాలావాటి వెనక ఉన్నది తోచకపోవడమే.

పిల్లికి ఏదీ నేర్పలేమన్న మాట తరచూ వినిపిస్తుంది. అది తప్పు. 1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లులను చెక్కపెట్టెల్లో ఉంచి, లోపలి తాడు లాగితేనో మీట నొక్కితేనో తలుపు తెరుచుకునేలా అమర్చాడు. మొదట్లో అవి గుడ్డిగా గీకాయి, కొరికాయి. మళ్లీ మళ్లీ పెట్టేకొద్దీ పనికిరాని కదలికలు రాలిపోయి, తలుపు తెరిపించిన కదలిక ఒక్కటే మిగిలింది. మంచి ఫలితం ఇచ్చిన పనినే జంతువు మళ్లీ చేస్తుందన్న సూత్రం ఆ పిల్లుల దగ్గరే తేలింది. పెట్టెలో బంధించకుండా, ఆకలితో మాడ్చకుండా మనం వాడుకోవాల్సిందీ అదే సూత్రం. పిల్లి నేర్చుకోవడం లేదంటే దాదాపు ఎప్పుడూ రెండే కారణాలు: మనం అడిగిన మెట్టు మరీ పెద్దదైనా అయి ఉంటుంది, బహుమతి ఆలస్యంగానైనా అంది ఉంటుంది.

మొదలుపెట్టే ముందు

నిన్నటిదాకా ఆడిన పిల్లి ఉన్నట్టుండి ఆట మానేసినా, ఎక్కే చోటు ఎక్కకుండా కింద నిలబడి చూస్తున్నా ముందు పశువైద్యుడికి చూపించండి. కీళ్ల నొప్పి, పంటి నొప్పి పిల్లులు బాగా దాచుకుంటాయి.

తాయిలం ముక్క సగం బఠాణీ గింజంత ఉంటే చాలు. ఒక్కసారి నాకితే అయిపోవాలి. నమలడానికి పది సెకన్లు పడితే పాఠం తెగిపోతుంది. 4 కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 నుంచి 250 కిలో కేలరీలు సరిపోతాయి, తాయిలాలు అందులో పదో వంతు దాటకూడదు. అంటే ఉడికించిన చికెన్ అయితే 12 గ్రాముల లోపు, డ్రై ఫుడ్ అయితే 5 గ్రాములు. ఇంకా సులువైన మార్గం ఉంది. పొద్దున్నే రోజు మొత్తం మేత తూచి ఒక డబ్బాలో పోయండి, ఆటలకు కావలసినవి అందులోంచే తీయండి. చికెన్, చేప ఏదైనా ఉప్పు, మసాలా లేకుండా, ఎముకలూ ముళ్లూ తీసేసి పెట్టాలి. ఉల్లి, వెల్లుల్లి తగలనే కూడదు, పిల్లి ఎర్ర రక్తకణాలను అవి దెబ్బతీస్తాయి. తీపి వస్తువులతో ఊరించాలని చూడకండి, పిల్లి నాలుక తీపిని గుర్తించలేదు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి.

నేర్పడానికి మంచి సమయం ముందటి భోజనమై 3, 4 గంటలు గడిచాక. అంతకుమించి ఆకలి పెట్టొద్దు. తిండిపైన ఆశ పెరుగుతుందని పస్తు ఉంచడం ప్రమాదం. పిల్లి రెండు రోజులు సరిగా తినకపోయినా, ముఖ్యంగా లావుగా ఉన్నదైతే, కాలేయంలో కొవ్వు పేరుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు.

ఒక్కో విడత 2, 3 నిమిషాలు. పది తాయిలాలు లెక్కపెట్టి చేతిలో పెట్టుకుంటే గడియారం చూసే పని ఉండదు, అవి అయిపోగానే ఆపేయవచ్చు. రోజుకు రెండు విడతలు చాలు. పిల్లి ఇంకా కావాలని చూస్తున్నప్పుడే ఆపాలి. విసిగి వెళ్లిపోయేదాకా సాగదీస్తే మర్నాడు అది అసలు రాకపోవచ్చు.

గుర్తు శబ్దం

పిల్లి సరైన పని చేసిన క్షణానికీ, తాయిలం నోటికి అందే క్షణానికీ మధ్య రెండు మూడు సెకన్లు గడిచిపోతాయి. ఆలోపు అది తల తిప్పుతుంది, ఒక అడుగు వేస్తుంది. బహుమతి దేనికి వచ్చిందో దానికి తెలియదు. సరైన పని జరిగిన క్షణంలోనే చేసి ఆ ఖాళీని పూడ్చే చప్పుడే గుర్తు శబ్దం. నొక్కితే టక్కుమనే చిన్న పరికరం, క్లిక్కర్, వాడవచ్చు. ఆ టక్కుమనే చప్పుడుకి పిల్లి ఉలిక్కిపడితే బాల్‌పెన్ మీట నొక్కండి, లేదా క్లిక్కర్‌ని జేబులో పెట్టి నొక్కండి. నాలుకతో చేసే చప్పుడు కూడా పనికొస్తుంది, కానీ ప్రతిసారీ ఒకేలా రావాలి. పిల్లి పేరుని మాత్రం గుర్తు శబ్దంగా వాడొద్దు, దానికి వేరే పని ఉంది.

శబ్దానికి అర్థం కల్పించడం ఒక్క పూటలో అయిపోతుంది. పిల్లి నుంచి ఏమీ ఆశించకుండా క్లిక్ చేసి, సెకను లోపు తాయిలం ఇవ్వండి. 10 నుంచి 15 సార్లు చేయండి. తర్వాత అది వేరే వైపు చూస్తున్నప్పుడు ఒకసారి క్లిక్ చేసి చూడండి. చటుక్కున మీ వైపు తిరిగిందంటే సంగతి అర్థమైనట్టే.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే: చెయ్యి ముందుగా తాయిలం వైపు కదలడం. క్లిక్ వినకముందే కదలిక కనపడితే పిల్లి చేతినే చూస్తుంది, శబ్దాన్ని పట్టించుకోదు. చెయ్యి కదలకుండా ఉండాలి, క్లిక్ అవ్వాలి, ఆ తర్వాతే చెయ్యి కదలాలి. అద్దం ముందు పిల్లి లేకుండా నాలుగైదుసార్లు సాధన చేసుకుంటే తేడా మీకే కనపడుతుంది. క్లిక్ పొరపాటున చేసినా తాయిలం ఇచ్చి తీరాలి. క్లిక్ అంటే మాట ఇచ్చినట్టు.

తాయిలం పిల్లి గడ్డం కింద పెట్టి, కనపడలేదేమని విసుక్కోకండి. సుమారు 25 సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఉన్నదాన్ని పిల్లి కళ్లు స్పష్టంగా చూడలేవు, అక్కడ ముక్కూ మీసాలే పని చేస్తాయి. ముక్కను కాస్త దూరంలో, దొర్లేలా వేయండి. కదిలేది వెంటనే కనపడుతుంది.

ముక్కుతో తాకడం: అన్నిటికీ పునాది

ఒకే ఒక్క పని నేర్పే ఓపిక ఉంటే ఇది నేర్పండి. తిరగడం, ఎక్కడం, దిగడం, చెప్పిన చోటికి రావడం అన్నీ దీని మీదే కట్టవచ్చు.

25, 30 సెంటీమీటర్ల సన్నటి పుల్ల తీసుకుని చివర దూది ఉండ పెట్టి టేపు చుట్టండి. టేపు నీలమో పసుపో అయితే మేలు, ఎరుపు పిల్లి కంటికి మసకగా కనపడుతుంది. పిల్లి కూర్చుని ఉండగా ఆ ఉండను దాని ముక్కుకు 5 సెంటీమీటర్ల దూరంలో, కొంచెం పక్కగా పెట్టి కదలకుండా పట్టుకోండి. నేరుగా కళ్లకేసి తేవద్దు. ఇప్పుడు దాని ముఖం చూడండి. చెవులు ముందుకు వస్తాయి, మీసాలు విసనకర్రలా విచ్చుకుని ఉండవైపు వంగుతాయి, ముక్కుపుటాలు సన్నగా అదురుతాయి, మెడ సాగుతుంది. ముక్కు ఉండకు తగిలే క్షణంలో క్లిక్. వెంటనే పుల్లను వీపు వెనక్కి తీసేసి తాయిలం ఇవ్వండి. ప్రతిసారీ దాచి మళ్లీ చూపించాలి. ఎదురుగానే ఉండిపోతే పిల్లి దాన్ని గదిలోని మిగతా వస్తువుల్లో కలిపేస్తుంది.

అయిదుసార్లు బాగా తాకితే దూరం 10 సెంటీమీటర్లు చేయండి. ఆ తర్వాత ఎడమకు, కుడికి, కొంచెం కిందికి. ఆ పైన ఒక అడుగు వేస్తే గాని అందనంత దూరం, తర్వాత రెండడుగులు. ముందుకెళ్లాలా, ఆగాలా అని తేల్చుకోవడానికి లెక్క ఇది: పదికి 8 సార్లు సరిగా చేస్తే కష్టం ఒక్క మెట్టు పెంచండి, 5 కంటే తగ్గితే ఒక మెట్టు దిగండి, మధ్యలో ఉంటే అక్కడే ఇంకొంచెం సాగించండి. దిగడం ఓటమేమీ కాదు, దిగకపోతేనే పాఠం చెడుతుంది.

తేడా వస్తే ఇలా చూసుకోండి. పిల్లి ఉండను కొరుకుతోందంటే మీ క్లిక్ ఆలస్యమవుతోంది. అది ముందు వాసన చూస్తుంది, అర సెకను తర్వాత కొరుకుతుంది. మీరు రెండోదానికి బహుమతి ఇస్తున్నారు. ముక్కు తగలబోతుండగానే క్లిక్ చేస్తే రెండు మూడు విడతల్లో కొరకడం ఆగిపోతుంది. పంజాతో కొడుతోందంటే ఉండ మరీ ఎత్తులో ఉండి ఉంటుంది, లేదా మీ చెయ్యి వణుకుతూ ఉంటుంది. కదిలేదాన్ని పట్టుకోవడం దాని సహజ గుణం. ముక్కు ఎత్తుకు దించి, మోచెయ్యి నేలకు ఆనించి స్థిరంగా పట్టుకోండి. అసలు పట్టించుకోకపోతే మొదటి రెండుసార్లు మాత్రం ఉండకు కాస్త చికెన్ నీళ్లు రాయండి. మూడోసారి కూడా రాస్తే అది వాసనను నేర్చుకుంటుంది, పనిని కాదు.

అక్కడి నుంచి ముందుకు

గుండ్రంగా తిరగడం చాలా తేలిక. పుల్లను తల పక్కనుంచి తోక వైపు తిప్పండి. పావు చుట్టుకు క్లిక్, తర్వాత అర చుట్టుకు, తర్వాత ముప్పావుకి, చివరికి పూర్తి చుట్టుకే. ఒక వైపు బాగా వచ్చాకే రెండో వైపు మొదలుపెట్టాలి.

కూర్చోవడానికి పుల్ల అక్కర్లేదు. తాయిలాన్ని ముక్కుకు 3, 4 సెంటీమీటర్ల పైన పట్టుకుని నెమ్మదిగా నెత్తి మీదుగా వెనక్కి జరపండి. తల పైకి లేచేకొద్దీ నడుము కిందికి దిగుతుంది. పిరుదులు నేలకు తగలగానే క్లిక్. చెయ్యి ఇంకా పైకి పోతే వెనక కాళ్ల మీద నిలబడుతుంది. అదీ ఒక విద్యే గానీ కూర్చోవడం నేర్పుతున్నప్పుడు కలపొద్దు. నాలుగైదుసార్ల తర్వాత ఖాళీ చేత్తోనే అదే సైగ చేసి, తాయిలం రెండో చేత్తో ఇవ్వండి. ఈ మార్పు తొందరగా చేయకపోతే తాయిలం కనపడితే తప్ప కూర్చోని పిల్లి తయారవుతుంది.

చేతికి చెయ్యి కలపడం, అదే హై ఫైవ్, నేర్పాలంటే తాయిలం గుప్పిట్లో మూసి నేల మీద ఉంచండి. పిల్లి వాసన చూస్తుంది, నాకుతుంది, చివరికి పంజాతో గీకుతుంది. పంజా నేల విడిచి లేచిన క్షణానికే మొదటి క్లిక్కులు ఇవ్వండి. తర్వాత గుప్పిటకు తగిలితేనే. ఆ తర్వాత ఖాళీ అరచెయ్యి తెరిచి అదే చోట పెట్టి, విడతకు రెండు సెంటీమీటర్ల చొప్పున పైకి లేపుతూ రండి. గోళ్లు బయటపెట్టి కొడితే క్లిక్ ఇవ్వకండి, చెయ్యి నిశ్శబ్దంగా వెనక్కి తీసుకోండి. మెత్తటి తాకిడికే బహుమతి అని దానికే తెలుస్తుంది.

రింగులోంచి దూకడం చూడ్డానికి గొప్పగా ఉంటుంది, నేర్పడం మామూలే. 40, 50 సెంటీమీటర్ల వెడల్పు రింగును నేలకు ఆనించి నిలబెట్టి, పుల్లతో అవతలి వైపుకి నడిపించండి. నడక తేలికయ్యాక 5 సెంటీమీటర్ల చొప్పున లేపండి, 30 దాకా చాలు. నున్నటి నేల మీద చేయించొద్దు, కింద పట్టు దొరికే చాప ఉండాలి. వయసు మళ్లిన పిల్లికి రింగు నేలమీదే ఉంచండి.

మాటను ఎప్పుడు కలపాలి? పని నమ్మకంగా వచ్చాకే. ముందు 'కూర్చో' అనండి, అర సెకను ఆగండి, ఆ తర్వాత చేతి సైగ చేయండి. రెండూ ఒకేసారి చేస్తే పిల్లి చేతినే చదువుతుంది, మాట దాని చెవికెక్కదు. కొన్ని రోజులకు మీ సైగ రాకముందే మాటకే కూర్చోవడం మొదలుపెడుతుంది.

అన్నిటికంటే ఉపయోగపడేది మాత్రం క్యారియర్ బుట్టలోకి తనంతట తాను వెళ్లడం. వైద్యుడి దగ్గరికి బయలుదేరినప్పుడల్లా జరిగే పెనుగులాట దీంతో చాలావరకు తప్పుతుంది. పై కప్పు తీసేసి, అడుగు భాగంలో పిల్లి పడుకునే గుడ్డ వేసి గదిలో ఎప్పుడూ ఉండనివ్వండి. ముందు ఒక కాలు పెడితే క్లిక్, తర్వాత నాలుగు కాళ్లకూ, తర్వాత లోపల కూర్చుంటే. ఆపైన కప్పు బిగించి మళ్లీ మొదటినుంచి. తలుపు 1 సెకను మూసి తెరవండి, తర్వాత 5, తర్వాత 15 సెకన్లు; లోపల ఉన్నంతసేపూ తాయిలాలు జాలీలోంచి అందించాలి. బుట్టను అంగుళం లేపి దించడం, నాలుగడుగులు మోయడం ఆఖరి మెట్లు. రెండు మూడు వారాలు పడుతుంది. మధ్యలో భయపడి బయటికి దూకితే తలుపు త్వరగా మూశారన్నమాట.

పేరు పెట్టి పిలిస్తే రావడం

పిల్లులు తమ పేరును గుర్తుపడతాయి. జపాన్‌లో అత్సుకో సైతో బృందం 2019లో ప్రచురించిన పరిశోధనలో పెంపుడు పిల్లులు అదే పొడవున్న ఇతర మాటల నుంచి తమ పేరును వేరు చేసి స్పందించాయి, పిలిచింది కొత్త గొంతు అయినా సరే. వినపడీ రావడం లేదంటే వచ్చినందుకు తగిన ఫలితం దానికి దక్కలేదన్నమాటే. పేరు పిలిచి మందు వేయడం, స్నానం చేయించడం, తిట్టడం పూర్తిగా మానేయండి. వాటికి మీరే దాని దగ్గరికి వెళ్లండి. మీటరు దూరం నుంచి పేరు ఒక్కసారి పిలవండి. తల తిప్పితే క్లిక్, తాయిలం. తర్వాత ఒక అడుగు వేస్తే, తర్వాత మీ దాకా వస్తే. గది అవతలి మూల, ఆపైన పక్క గది. రాకపోతే పదే పదే పిలవకండి, దూరం తగ్గించి మళ్లీ ప్రయత్నించండి. జవాబు లేని పిలుపులు పేరును అరగదీస్తాయి.

వెతుక్కుని తినే తిండి

ఇక్కడ ఒక సంగతి ముందే తెలిసి ఉండాలి. పక్కనే ఊరికే దొరికే తిండి ఉన్నా కష్టపడి సంపాదించుకునే తిండి వైపు మొగ్గే జంతువులు చాలా ఉన్నాయి. పిల్లి ఆ కోవలోకి రాదు. 2021లో అమెరికాలో 17 పిల్లుల మీద జరిగిన పరిశోధనలో అవి ఎక్కువగా ఊరికే దొరికేదాన్నే తిన్నాయి. అందుకే కొత్త పజిల్ ఫీడర్ (బుర్ర వాడితేనే తిండి బయటికి వచ్చే అమరిక) పక్కన నిండు గిన్నె పెడితే అది గిన్నె దగ్గరికే పోతుంది. అలాగని ఫీడర్ కష్టంగా ఉంటే ఒక నిమిషంలో వదిలేస్తుంది. మొదట్లో గెలుపు దాదాపు ఉచితంగా దొరకాలి.

మొదటి మెట్టు, అట్ట గుడ్ల ట్రే. శుభ్రమైనది తీసుకుని గుంటలన్నిటిలో రెండేసి డ్రై ఫుడ్ గింజలు వేయండి. కళ్లెదుటే ఉంటాయి, పంజాతోనో నాలుకతోనో తీసుకుంటే చాలు. రెండు మూడు రోజులయ్యాక సగం గుంటల మీద నలిపిన కాగితం ఉండలు పెట్టండి.

రెండో మెట్టు టాయిలెట్ కాగితం చుట్టలు. లోపలి అట్ట గొట్టాలు పన్నెండు పోగుచేయండి. నాలుగింటిని అలాగే ఉంచి, నాలుగింటిని ముప్పావు ఎత్తుకు, నాలుగింటిని సగానికి కత్తిరించండి. చెప్పుల పెట్టెలో నిలువుగా, ఒకదానికొకటి ఆనుకునేలా బిగించండి. ఖాళీలుంటే కాగితం కుక్కండి. పిండి జిగురు గానీ విషం లేని తెల్ల జిగురు గానీ వాడి ఒక రోజు ఆరనివ్వాలి. పొట్టి గొట్టాల్లోవి మొదట దొరుకుతాయి, పొడుగు వాటికి పంజా లోతుగా పెట్టి గింజను పక్కకు లాగాలి. పిల్లి కొంతసేపు గొట్టంలోకి తొంగిచూసి, తల పక్కకు వంచి, ఒక్క పంజా భుజం దాకా దించి వెతకడం చూస్తే ఆ బుర్ర ఎంత పని చేస్తోందో తెలుస్తుంది.

మూడోది దొర్లే సీసా. 250 మిల్లీలీటర్ల ప్లాస్టిక్ సీసా కడిగి ఆరబెట్టి, లేబుల్ ఊడదీసి, పక్కల్లో 6 రంధ్రాలు చేయండి. రంధ్రం గింజకు రెండింతలైనా ఉండాలి, అంచులు పంజాకు గీసుకోకుండా ఉప్పుకాగితంతో రుద్దాలి. మూడో వంతు నింపి మూత బిగించండి. కొన్ని పిల్లులకు ప్లాస్టిక్ చప్పుడు నచ్చదు, చాప మీద పెడితే సద్దు తగ్గుతుంది. గింజలు మరీ సులువుగా రాలుతున్నాయనిపిస్తే రెండు రంధ్రాలు టేపుతో మూయండి. ఆ టేపు కొరికే పిల్లి అయితే తక్కువ రంధ్రాలున్న రెండో సీసా చేయడమే మంచిది.

తడి మేత తినే పిల్లికి గాడులున్న సిలికాన్ చాప మీద పలచగా పులమండి. వాడిన ప్రతిసారీ వేడినీళ్లతో కడగాలి.

మొదటి వారం రోజు మేతలో పావు వంతే ఫీడర్లలో పెట్టి మిగతాది గిన్నెలో ఇవ్వండి. తర్వాత సగం. ఫీడర్‌లో మిగిలిపోయింది ఎంతో ప్రతి సాయంత్రం చూసుకోవాలి, రోజు తిండి తగ్గిపోకూడదు. అట్టను చింపి మింగే పిల్లికి గట్టి ప్లాస్టిక్ ఫీడర్లే వాడండి.

వేట ఆట

కర్రకు తాడు, తాడుకు ఈక బొమ్మ కట్టిన ఆట వస్తువు అందరి దగ్గరా ఉంటుంది, సరిగా ఆడించేవాళ్లు తక్కువ. బొమ్మను పిల్లి మొహం ముందు ఊపితే అది వెనక్కి వాలి చూస్తుందంతే. ఏ ఎలుకా వేటగాడి మీదికి రాదు. బొమ్మ పిల్లికి దూరంగా పారిపోవాలి. గోడ వెంబడి జరగాలి, ఆగాలి, సోఫా మూల తిరిగి మాయమవ్వాలి, తోక కొన మాత్రం కనపడాలి. ఆగినప్పుడే అసలు ఆలోచన నడుస్తుంది. పిల్లి తల నేలకు ఆనించి, కళ్లు పెద్దవి చేసి, వెనక భాగం అటూ ఇటూ ఆడిస్తుంది. ఆ సమయంలో బొమ్మను లాగేయకండి, దూకనివ్వండి. ప్రతి నాలుగైదు దూకుళ్లలో రెండైనా దొరకాలి. దొరికాక పళ్లతో పట్టి వెనక కాళ్లతో తన్నేదాకా ఆగండి.

10, 15 నిమిషాలు ఆడించి, ఆఖరి రెండు నిమిషాలు బొమ్మను నెమ్మదింపజేసి, పట్టుకున్నాక వెంటనే భోజనం పెట్టండి. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర: ఇది పిల్లి సహజ క్రమం. రాత్రి మీరు పడుకునే ముందు ఇలా చేస్తే తెల్లవారుజాము అల్లరి చాలా ఇళ్లలో తగ్గుతుంది.

లేజర్ వెలుగు వెంట పరుగు బాగానే ఉంటుంది, పట్టుకోవడానికి మాత్రం ఏమీ దొరకదు. కొన్ని పిల్లులు తర్వాత గంటల తరబడి గోడల మీది నీడలను వెతుకుతూ ఉండిపోతాయి. మా సలహా వాడొద్దనే. వాడితే కళ్లలో పడనివ్వకుండా, చివర వెలుగును ఒక నిజమైన బొమ్మ మీదో తాయిలం మీదో ఆపండి.

ఆట అయ్యాక తాడున్న ప్రతి వస్తువునూ అల్మారాలో పెట్టి తలుపు వేయాలి. దారం, రబ్బరు బ్యాండు, రిబ్బను మింగితే పేగుల్లో చిక్కుకుని కోసేస్తాయి. నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడుతూ కనపడితే లాగకండి, కత్తిరించకండి, వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. చేతివేళ్లను బొమ్మలుగా ఆడించడం కూడా కూనగా ఉన్నప్పటి నుంచే వద్దు. అప్పటి ముద్దు కొరుకుడే ఏడాదికి రక్తం తెప్పిస్తుంది.

బొమ్మలన్నీ ఎప్పుడూ నేలమీద ఉంటే వాటికి విలువ పోతుంది. నాలుగు బయట ఉంచి మిగతావి దాచండి, మూడు నాలుగు రోజులకోసారి మార్చండి.

గిన్నెల కింద తాయిలం

తేలికైన, లోపలిది కనపడని గిన్నెలు రెండు తీసుకోండి. ముందుగా తాయిలంతో రెండింటి లోపలి వైపూ రుద్దండి, లేకపోతే మీరు పరీక్షించేది దాని ముక్కునే, జ్ఞాపకాన్ని కాదు. మొదట ఒకే గిన్నె: పిల్లి చూస్తుండగా తాయిలం మీద సగం కప్పండి, ముక్కుతో తోస్తే క్లిక్. తర్వాత పూర్తిగా కప్పండి. తర్వాత రెండో గిన్నె ఖాళీగా పక్కన, 30 సెంటీమీటర్ల ఎడంలో. ఎంపిక సరైనదైతే తాయిలం దానిదే. తప్పితే గిన్నె ఎత్తి చూపించండి, కానీ ఇవ్వకండి.

వెంటనే వెతకనివ్వండి, తర్వాత 5 సెకన్లు ఆపి, ఆ పైన 10. వస్తువు మాయమైన మొదటి అర నిమిషంలోనే పిల్లి జ్ఞాపకం బాగా పలచబడుతుంది, కాబట్టి 30 సెకన్లు దాటిస్తే తప్పులు పెరుగుతాయి. గిన్నెల చోటు మార్చడం ఇంకా కష్టం. దాచిన చోటు పిల్లికి గుర్తుంటుంది గానీ, దాచిన వస్తువు గిన్నెతో పాటు జరిగిందన్న లెక్క దానికి అంత సులువుగా అందదు. నెమ్మదిగా, ఒక్కసారి మాత్రమే మార్చి చూడండి. రాకపోతే వదిలేయండి.

విసిరింది తెచ్చివ్వడం చాలా పిల్లులకు ఎవరూ నేర్పకుండానే వస్తుంది, ఆట మొదలుపెట్టేదీ ఆపేదీ కూడా ఎక్కువగా పిల్లే. నోట పట్టడానికి వీలైన 3, 4 సెంటీమీటర్ల కాగితం ఉండ విసరండి. తెచ్చినదాన్ని నోట్లోంచి లాక్కోవద్దు, రెండో ఉండ చూపించండి, మొదటిది దానంతటదే వదులుతుంది. ఆసక్తి చూపని పిల్లిని దీని కోసం వేధించడం దండగ.

వాసన ఆటలకు ఖర్చు లేదు. పెద్ద అట్టపెట్టెలో నలిపిన కాగితాలు నింపి గింజలు పది చల్లండి. క్యాట్‌నిప్ అనే పుదీనా కుటుంబపు మొక్క ఆకు పొడి చిటికెడు వేస్తే సుమారు మూడింట రెండు వంతుల పిల్లులు దొర్లి, రుద్దుకుని, పది నిమిషాల్లో మామూలైపోతాయి. మిగతావాటికి అది పుట్టుకతోనే పట్టదు, కొన్ని నెలల కూనలకూ పట్టదు. వారానికి ఒకటి రెండుసార్లు చాలు.

ఎప్పుడు ఆపాలి, ఎవరికి ఎలా మార్చాలి

తోక నేలకేసి కొట్టడం, వీపు మీది చర్మం అలలా కదలడం, చెవులు పక్కలకు తిరగడం, అడిగిన పని వదిలేసి ఉన్నట్టుండి ఒళ్లు నాక్కోవడం: ఇవి చాలనడానికి గుర్తులు. ఒకటి కనపడినా దానికి బాగా వచ్చిన తేలిక పని ఒకటి చేయించి, తాయిలం ఇచ్చి ముగించండి. తప్పు చేస్తే అరవడం, నీళ్లు చల్లడం వద్దే వద్దు. పిల్లి నేర్చుకునేది పనిని కాదు, మీరంటే భయాన్ని.

ఇంట్లో రెండు మూడు పిల్లులుంటే ఒక్కోదాన్ని వేరే గదిలో విడిగా నేర్పండి. కలిపి చేస్తే బలమైనది తాయిలాలు తింటుంది, బెదురుగా ఉన్నది ఆ గదికే రావడం మానేస్తుంది. ఫీడర్లు కూడా పిల్లికొకటి, ఒకదానికొకటి కనపడని చోట్ల పెట్టాలి.

కూనలకు విడత ఒక నిమిషం మించకూడదు, కానీ రోజుకు నాలుగైదు విడతలైనా సరే. ముసలి పిల్లులకు దూకేవి తీసేసి ముక్కు తాకడం, గుడ్ల ట్రే, గిన్నెల ఆట ఉంచండి. ట్రేను మెడ వంచే అవసరం లేకుండా పది సెంటీమీటర్ల ఎత్తు పీట మీద పెట్టండి. చెవులు వినపడని పిల్లికి క్లిక్ బదులు బొటనవేలు పైకెత్తడం గుర్తుగా వాడవచ్చు. అర్థం కల్పించే పద్ధతి అదే: వేలు, తాయిలం, 15 సార్లు. కాకపోతే అది మీ వైపు చూస్తున్నప్పుడే వేలెత్తాలి. అందుకని అలాంటి పిల్లికి అన్నిటికంటే ముందు నేర్పాల్సింది మీ ముఖం వైపు చూడడం, చూసిన ప్రతిసారీ బహుమతి అందుకోవడం.